బొరుగులు మరమరాలైన వారం

చంద్రమండలానికి పోయే ఓడలో తినడానికి ఏం కట్టుకుపోతారు? ఈ ప్రశ్న మీద మా వీధి ఆడవాళ్లు ఒక సాయంత్రమంతా వాదులాడుకున్నారు. సంగటి ముద్దలైతే రెండో రోజుకే పులుస్తాయని మా వదిన, జొన్నరొట్టెలు ఎండబెడితే నెల రోజులు ఉంటాయని పక్కింటి సాయిబుల అవ్వ. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లూ ఊళ్లో గుడారాల కింద ప్రభుత్వం ఎట్లా నడుస్తోందో మాకు పట్టలేదు. ఆ ఓడ ఎట్లా నడుస్తోందో మాత్రం ప్రతి శుక్రవారమూ తెలిసి తీరాలి.

ఓడంటే నిజం ఓడ కాదు. మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో ధారావాహిక. ఒక ప్రొఫెసరు, ఆయన కూతురు, ఓడ నడిపేవాడు, ఒక వంటవాడు, ఈ నలుగురూ ఇనప ఓడలో కూర్చుని భూమిని వదిలి పోతారు. మొదలై ఏడాది దాటినా చంద్రుడు ఇంకా అందలేదు. తోకచుక్కలు అడ్డమొచ్చేవి, యంత్రాలు ఆగిపోయేవి. పత్రిక వాళ్లకు అంత త్వరగా దిగే ఉద్దేశం లేదని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం, ఒట్టు, ఒక్క రోజు ఆలస్యమైనా మాకు అన్నం సహించేది కాదు.

మా అన్న ఆ గుడారాల్లో బంట్రోతు. పత్రికను ఆఫీసరుగారు చదివి, ఆయన భార్య చదివి, హెడ్ గుమాస్తా చదివాక మా అన్న చేతికి వచ్చి, ఇంక మా ఇంట్లోనే ఉండిపోయేది. శుక్రవారం ఎదురింటి నీడ మా అరుగు మీద పడే వేళకు వదిన చేట నిండా శనక్కాయలు పోసుకుని కూర్చునేది. అవ్వ తమలపాకుల పెట్టెతో వచ్చేది. నేను చదివేదాన్ని. నాకు పంతొమ్మిదేళ్లు. స్కూల్ ఫైనల్ ప్యాసై, టీచర్ ట్రైనింగులో సీటు కోసం ఎదురు చూస్తూ ఇంట్లో ఉన్నాను.

వదినకు చదువు రాదు. గండికోట అవతల ఒక పల్లె ఆమెది. పెన్న ఎక్కడో కింద లోయలో పారుతుంటే పైన ఉన్నవాళ్లు గుక్కెడు నీళ్లకు రెండు మైళ్లు నడవాలి. బడికి పోవలసిన వయసంతా ఆమె కడవ మోసింది. పెళ్లై తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరికి వచ్చినా ఆ పొదుపు పోలేదు. ముఖం కడుక్కున్న నీళ్లు కూడా గిన్నెలో పట్టేది. ఇంటికొచ్చినవాళ్లు నవ్వితే నాకు సిగ్గేసేది. నాకు ఆ వయసులో అన్నిటికీ సిగ్గే.

నా మొదటి తప్పు చాలా చిన్నది. ఒక వారం కథలో వంటవాడు మూట విప్పి అందరికీ మరమరాలు పంచాడు. ఆ మాట మా వైపు ఎవరూ అనరు, మాకవి బొరుగులు. మరమరాలంటే ఏందని వదిన అడిగితే కథ ఆగిపోతుంది, ఓడేమో తోకచుక్క మీదికి పోతోంది. ఆగకుండా 'బొరుగులు' అని చదివేశాను. వదిన చేతిలో శనక్కాయ అట్లాగే నిలిచిపోయింది.

"బొరుగులా? ఆకాశంలో బొరుగులు తింటాండారా?"

"తింటాండారు వదినా."

అంతవరకూ ఆ ఓడలో ఉన్నది ఎవరో దొరలు. ఆ క్షణాన వాళ్లు మన ఇంటి మనుషులైపోయారు. వదిన తలెత్తి వీధి పైన కనిపించే ఆకాశం ముక్కను చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. దేవుడి ఉత్సవం వీధిలోకి వచ్చినప్పుడు కూడా ఆమె అట్లా చూడడం నేను ఎరగను.

"తెలివైనోళ్లేలే," అంది చివరికి. "బొరుగులైతే బరువుండవు."

రెండో తప్పు పెద్దది. ఆఫీసరుగారి ఇంట్లో ఎవరో సబ్బు ప్రకటన బొమ్మ కోసం ఒక కాగితం చింపుకున్నారు. ఓడలో నీళ్ల తొట్టి పగిలిందన్న చోట పేజీ అయిపోయింది, తరువాతి పేజీ లేదు. అరుగు మీద ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు. లేదని చెప్పడానికి నోరు రాలేదు. లేని కాగితాన్నే చూస్తూ చదవడం మొదలుపెట్టాను. ప్రొఫెసరు కూతురు లేచింది. ఒలికిపోగా మిగిలిన నీళ్లు కడవలోకి ఎత్తింది. మనిషికి పూటకు ఒక చెంబు. ముఖం కడిగిన నీళ్లు పారబోయకూడదు, వాటితో గిన్నెలు తోమాలి. గిన్నెలు తోమిన నీళ్లు తేరినాక చిక్కుడు పాదుకు పోయాలి. ఓడలోకి చిక్కుడు పాదు ఎట్లా వచ్చిందని నన్ను అడగకండి. మా పెరట్లో ఉంది కాబట్టి అక్కడా ఉంది.

అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. వదిన మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు ఎత్తడానికి పోయింది. ఎంతకూ రాకపోతే నేనూ పోయాను. పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు, అప్పుడే తెల్లగా చంద్రుడు కనిపిస్తున్నాడు. వదిన వడియాల గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఆడ నీళ్లుండవంట గదా పాపా?"

"లేవంట వదినా."

"అట్లయితే మనోళ్లే పోవల్ల. ఇంగెవురు బతుకుతారు ఆడ?"

నేను పదకొండేళ్లు బడికి పోయాను, చంద్రుడి దూరం ఎన్ని మైళ్లో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. నాకు ఒక్కసారీ తట్టని మాట అది.

ఒక అబద్ధం కప్పడానికి వంద అబద్ధాలు ఆడాలంటారు. నేను వందతో ఆగలేదు. నిజానికి ఆ కథలో ప్రొఫెసరు కూతురికి మూర్ఛపోవడం తప్ప పని లేదు. తోకచుక్క వస్తే మూర్ఛ, చీకటైతే మూర్ఛ. చదువుతుంటే నాకు ఒళ్లు మండేది. నేను ఆమెను ఒక్కసారి కూడా పడిపోనివ్వలేదు. అచ్చులో ఆమె పడిపోయిన ప్రతిచోటా నా నోట్లో లేచి నిలబడి కడవ సర్దింది. మిగతా కథ పత్రికదే, నేను ముట్టలేదు.

ఒక శుక్రవారం వదిన తీర్పు చెప్పేసింది.

"ఈ కత రాసేది మన పక్క మనిషే. ఆడమనిషే."

అచ్చులో ఉన్న పేరు మీద వేలు పెట్టాను. "మగోని పేరుండాదే వదినా!"

"పేరుకేముండాది, ఏదో ఒకటి పెట్టుకోనుంటాది. కడవ నీళ్లు నలుగురికి ఎన్ని దినాలొస్తాయో మగోనికి యాడ తెలుస్తాది? ముఖం కడిగిన నీళ్లతో గిన్నెలు తోమేది కోస్తా వాళ్లకు యాడ తెలుస్తాది? వాళ్లకు కాలవలుండాయి. ఈ యమ్మి నీళ్లు మోసింది పాపా. నెత్తిన చుట్టకుదురు పెట్టుకోని మోసింది. నాకు తెలుస్తాంది."

అవ్వ ఔనంది. అప్పటినుంచి మా అరుగు మీద కథ కంటే రాసే ఆమె గురించిన మాటలే ఎక్కువయ్యాయి. ఆమెది జమ్మలమడుగు పక్కా, ఆత్మకూరు పక్కా? నల్లమలను చూసిన మనిషైతే ఓడలోకి ఎలుగుబంటి వచ్చి ఉండేది, రాలేదు కాబట్టి ఆత్మకూరు కాదు. పిల్లలున్నారా? ఉంటే రాయడానికి పొద్దు యాడ దొరుకుతాది? వదిన ఆమెను గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేది, దేవుడి గదిలో ఉన్నట్టు. మన లాంటిది ఒకతి యాడో కూచోని చంద్రుని దాకా పోతాందంటే మాటలా అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సంతోషమూ భయమూ ఒకేసారి పుట్టేవి.

ఆ జూన్‌లో నాకు కడపలో సీటొచ్చింది. వెళ్లడానికి పది రోజుల ముందు మా ముందు గదిలోకి ఒక గుమాస్తా దంపతులు అద్దెకు దిగారు. రాజధాని కొలువుకని అప్పుడే గుంటూరు నుంచి వచ్చినవాళ్లు. ఆమెను మేం గుంటూరమ్మ అనేవాళ్లం. ఎంత మెత్తని మనిషో, మా కుక్కను కూడా "రండి" అని పిలిచేది. ఆమెకు చదువొచ్చు. శుక్రవారం చదివే పని ఆమెకు అప్పగించి బస్సెక్కాను. ఏం చేస్తున్నానో నాకు తట్టనేలేదు. అంత తెలివి నాది.

మూడో వారం అన్న జాబు వచ్చింది. ట్రైనింగు స్కూలు వరండాలో నిలబడి చదివాను.

"చిరంజీవి సౌభాగ్యవతికి అన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమము, ధారావాహిక తప్ప. నీవు పోయిన వారమే కథ మారినది. బొరుగులు పోయి మరమరాలు వచ్చినవి. చిక్కుడు పాదు ఊసే లేదు. ఆ అమ్మాయి లేస్తే మూర్ఛ, కూర్చుంటే మూర్ఛ. రాసే మనిషిని మార్చినారని మీ వదిన పట్టుబట్టి ఉన్నది. గుంటూరామె మాటలు మారుస్తున్నదని అవ్వకు అనుమానము. ఆమె పత్రిక మీద చెయ్యి వేసి ప్రమాణము చేసి, ఏడ్చి, ఇప్పుడు మనతో మాట్లాడుట లేదు."

ఆమె చేసిన నేరమల్లా ఉన్నది ఉన్నట్టు చదవడమే.

తరువాతి జాబుల్లో పుకార్లు పెరిగాయి. రాసే ఆమె చనిపోయి ఉంటుందని అవ్వ. ప్రభుత్వంలో అందరినీ బదిలీ చేసినట్టే ఆమెనూ చేసి ఉంటారని మా అన్న. వదినది మరో దారి. ఆమెకు పెళ్లై ఉంటుంది, అత్తగారింట్లో కలం పట్టనిచ్చి ఉండరు. దీని మీద వదిన ఒక పూట అన్నం కూడా తినలేదట. అందరూ కలిసి మా అన్న చేత పత్రికకు ఉత్తరం రాయించారు: మా మనిషిని ఏం చేశారు, మాకు తెలియాలి. ఆ జాబు చివర వదిన చెప్పగా అన్న రాసిన ముక్క ఉంది. "కడపలోనే ఉండావు గదా పాపా. దర్గాకు పోయి ఆ రాసే యమ్మి పేరు మీద చక్కెర చదివించు. యాడుండా సల్లగుండల్ల."

ఆ గురువారం మధ్యాహ్నం చక్కెర పొట్లం పట్టుకుని దర్గాకు పోయాను. మా ఇళ్లలో అందరూ పోతారు. మొక్కుకు కులం లేదు. చక్కెర మీద ఫాతెహా చదివే పెద్దాయన పొట్లం విప్పి, ఎవరి పేరు మీదమ్మా అని అడిగాడు.

అచ్చులో ఉన్న రచయిత పేరు చెప్పనా? ఆయనకు కడవ సంగతి తెలియదు. వదిన అన్నం మానేసింది ఆయన కోసం కాదు. వెనక మనుషులు నిలబడి ఉన్నారు. పెద్దాయన మళ్లీ అడిగాడు. నేను నా పేరే చెప్పాను.

ఆయన కళ్లు మూసుకుని చదివాడు. అరబ్బీ మాటల మధ్యలో నా పేరు స్పష్టంగా వినిపించింది. ఊదు పొగలో నిలబడి విన్నాను. నూరు మైళ్ల కంటే దూరంలో, ముఖం కూడా ఎరగని మనిషి చల్లగా ఉండాలని ఒక ఆడది కోరుకుంటోంది. ఆ మనిషిని నేను. అంత పెద్దదాన్ని నేను ఎప్పుడయ్యాను? ఆ చక్కెర పొట్లం మళ్లీ కట్టి కొంగున ముడేసుకున్నాను. దసరా సెలవులకు పోయి, వదిన ముందు నిలబడి, అంతా చెప్పేయాలని అక్కడే అనుకున్నాను. ఆమె నన్ను మళ్లీ నమ్మకపోయినా సరే. ఆమె నమ్మిన మనిషి లేదని తెలిసి ఆమె ఏమైపోతుందో, అదొక్కటే నన్ను తినేసింది.

దసరా దాకా రాత్రీ పగలూ ఆ నాలుగు మాటలు కూర్చుకున్నాను. బస్సులో దారి పొడుగునా వల్లె వేశాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి వదిన ఒక్కతే ఉంది. నడవలో కడప బండల మీద పాత పత్రికలన్నీ వరసగా పరిచి ఉన్నాయి. పక్కన పలక, బలపం.

"ఇదేంది వదినా?"

"గుంటూరమ్మ ప్రమాణం చేసింది గదా. నీ మాట నేను నమ్మల్లంటే నాకు అచ్చరాలు నేర్పు, నేనే చూసుకుంటా అన్న్యా. రోజూ మద్దేన్నం నేర్పింది. పాపం, అచ్చరం తప్ప వేరే మాట మాట్లాడకుండానే నేర్పింది."

ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, నాలుగు నెలల్లో, ఎవరో ఒకామె రాత ఎక్కడ మారిందో కనుక్కోవడానికి ఓనమాలు దిద్దింది. నేను ట్రైనింగు స్కూల్లో పిల్లలకు అక్షరాలు ఎట్లా నేర్పాలో నేర్చుకుంటున్నాను. ఇంట్లో మనిషికి నేర్పాలని ఎప్పుడూ అనుకోలేదు. వల్లె వేసిన మాటలన్నీ ఎగిరిపోయాయి.

వదిన ఒక పత్రిక ముందుకు జరిపి వేలు పెట్టింది.

"మద్రాసోళ్లు కార్డు రాసినారు. రాసే మనిషి మొదట్నుంచీ ఒకడేనంట. అబద్ధం చెప్తాండారనుకున్న్యా. కూచోని ఎనక్కి చదువుకుంటా వచ్చినా. ఇది తోకచుక్క వారం." వేలు కదిలింది. నుదుటి మీద చెమట పట్టింది. "మ... ర... మ... రా... లు. ఈ వారం చదివింది నువ్వు. గుంటూరమ్మ అప్పటికి ఈ ఊరికే రాలే."

"నేనే వదినా."

"బొరుగులని చదివినావు."

"చదివినా."

ఇంకొక పత్రిక తీసింది. చిరిగిన అంచును వేలితో తడిమింది. "నీళ్ల తొట్టి పగిలినాక ఈడ కాగితమే లేదు."

నాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోలేదు. వదిన ఓదార్చనూలేదు.

"ఉన్నదున్నట్టు చదివిన మనిషిని దొంగను చేసినాము. ముందు పోయి ఆ యమ్మ కాళ్లు పట్టుకో," అంది. ఆమె కోపంగా మాట్లాడడం నేను వినడం అదే మొదలు. తరవాత చిరిగిన అంచు మీద నుంచి వేలు తీయకుండానే అడిగింది. "చెంబు లెక్క?"

"నేనే."

"చిక్కుడు పాదు?"

"నేనే వదినా. మన పాదే. నువ్వు నమ్మిన యమ్మి లేదు. మన్నించు."

వదిన పత్రికలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. పేరుస్తూ పేరుస్తూ ఆగింది.

"ఎట్ల లేదు? నేనేం చెప్పినా? మన పక్క మనిషే, ఆడమనిషే అన్న్యా. తప్పు చెప్పినానా?"

"నీళ్లు మోసిన మనిషి అని గూడా అన్నావు. నేను ఎప్పుడూ మోయలే. మోసింది నువ్వు. నిన్ను చూసి చెప్పినా. ఆ ఓడలో ఉండేది నువ్వే వదినా."

ఆమె నా వైపు చూడలేదు. తన అరచేతులు చూసుకుంది. తలుపు సందులోంచి కనిపిస్తున్న ఆకాశాన్ని చూసింది. బొరుగుల రోజు చూసిన చూపు అదే, ఈసారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనా? ఆడ?"

"నువ్వే."

పలక తీసుకుని దాని మీద ఉన్న ఓనమాలు చేత్తో తుడిచేసింది. నా ఒళ్లో పెట్టి, బలపం చేతికిచ్చింది.

"అట్లయితే నన్ను ఆకాశంలో ఇడిసిపెట్టి కడపకు ఎట్ల పోయినావు పాపా? నాలుగు నెలలాయ. ఆడ నీళ్లు అయిపోయింటాయి. రాయి."

గుంటూరమ్మ దగ్గరికి పోయి కాళ్లు పట్టుకుని వచ్చాను. ఆమె నవ్వి, ఏమండీ, ముందే చెబితే నేనూ బొరుగులనే చదివేదాన్ని కదా అంది. ఆ తరువాత కూర్చుని రాశాను. నా జీవితంలో మొట్టమొదట రాసింది అదే, ఒక పలకకు సరిపోయినంత. వదిన పలక తీసుకుని, ఒక్కొక్క అక్షరం కింద వేలు పెడుతూ, పైకి చదివింది. నా మాటలు ఆమె నోట్లోంచి రావడం విన్నాను. మూడో వాక్యం దగ్గర వేలు ఆగింది.

"ఒక కడవ నలుగురికి పది దినాలని రాసినావు," అంది. "రాదు. ఆరు దినాలే. దిద్దు."

దిద్దాను.